నీలం తెర పడినప్పుడల్లా

ఆగస్టు 5, సోమవారం

ముందుగదిలో కంప్యూటరు మళ్లీ నీలం తెర వేసింది. పోయిన వారం నుంచీ ఇదే వరస. పని మధ్యలో టక్కున ఆగిపోతుంది, తెరంతా నీలమైపోతుంది, కోలనూ బ్రాకెట్టూ కలిపి గీసిన ఏడుపు మొహం ఒకటి కనపడుతుంది, దాని కింద ఏదో కోడు. తర్వాత దానంతట అదే ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, ఏమీ ఎరగనట్టు.

సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే ఈయన అన్నారు, సిస్టమ్ మొత్తం తీసేసి కొత్తగా వెయ్యమని.

సరే, వేస్తాను. ల్యాబులో పిల్లలకి ఏడాది పొడుగునా నేర్పేది అదే. ఏ ఫైళ్లు దాచమంటారని అడిగాను. ఏవీ వద్దన్నారు. ఫొటోలు? ఫోనులో ఉన్నాయన్నారు. మీ పనికి సంబంధించినవి? తల అడ్డంగా ఊపారు.

"అంతా చెరిపెయ్. ఒక్కటి కూడా ఉంచకు."

మిక్సీ కొన్నప్పటి అట్టపెట్టె కూడా పారెయ్యనివ్వని మనిషి. అటక మీద ఆయన దాచిన తాళంచెవులకి తాళాలే లేవు. పన్నెండేళ్లుగా డాక్టర్లు గొణిగిందల్లా ఆ కంప్యూటరు ముందు కూర్చుని విని, రిపోర్టులుగా టైపు చేసి కంపెనీకి పంపిస్తున్నారు. అందులో ఒక్క ఫైలు కూడా అక్కర్లేదా?

పైకేమీ అనలేదు. పెన్‌డ్రైవు పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. తెర మీద చుక్కలు గిరగిరా తిరిగాయి. తిరిగి తిరిగి నీలమయ్యాయి.

ఆగస్టు 6, మంగళవారం

పెన్‌డ్రైవు చెడిందేమోనని కాలేజీలో ఇంకోటి తయారుచేసి తెచ్చాను. మళ్లీ నీలమే. నిన్న ఒక కోడు చూపించింది, ఇవాళ ఇంకోటి. ముందు పోర్టు తీసి వెనక పోర్టులో పెట్టాను, అక్కడా అంతే.

బయటి నుంచి లోపలికి రావాలి. ముందు తీగలు, తర్వాత పోర్టులు, తర్వాతే పెట్టె విప్పడం. పిల్లలకి అలాగే చెప్తాను. తొందరేం లేదు.

తొందరంతా ఈయనకే. మామూలుగా ఒక ఫైలు గంట ఆలస్యమైతే కంపెనీ వాళ్లు ప్రాణాలు తోడేస్తారు. రెండు రోజులుగా ఎవ్వరూ అడగలేదు. పని లేకపోతే గిలగిల్లాడే మనిషి బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురింటి గోడ చూస్తున్నారు. మధ్యమధ్యలో లోపలికొచ్చి అడుగుతున్నారు. బాగయిందా అని కాదు, చెరిపేశావా అని.

ఆగస్టు 7, బుధవారం

ఈరోజూ నీలమే. కోడు మాత్రం మారింది.

ఆగస్టు 8, గురువారం

స్నానానికి వెళ్తూ పొయ్యి మీద పప్పు ఉంది, కట్టెయ్యండి అని చెప్పాను. "ఊ" అన్నారు. వచ్చేసరికి ఇల్లంతా పొగ, గిన్నె బొగ్గు. ఈయన అక్కడే, వంటింటి గుమ్మానికి అడుగు దూరంలో, ఫోను చూసుకుంటున్నారు. నన్ను చూడగానే ఫోను బోర్లా పెట్టారు.

ఒళ్లు మండిపోయింది. ఎదురుగా నిలబడి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూశారు. ఏదో తిడతారనుకున్నాను. ఏమీ అనకుండా వెళ్లి గిన్నె తోమడం మొదలుపెట్టారు. గంటసేపు తోమారు. తప్పు చెయ్యని మనిషి అయితే తిరిగి ఒక మాట అంటాడు కదా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

ఇంకొకటి. ఫోను మోగితే ఎత్తడం లేదు. మోగి మోగి ఆగేదాకా చూసి, తర్వాత వేళ్లతో ఏదో కొట్టి పంపిస్తున్నారు. ఎవరంటే, "కంపెనీ వాళ్లు" అంటారు. గొంతు విప్పి మాట్లాడితే నేను వింటానని భయమా?

కంప్యూటరు ముట్టుకోలేదు ఇవాళ.

ఆగస్టు 9, శుక్రవారం

క్లాసులో ఒక అమ్మాయి లేచి అడిగింది, నీలం తెర మీద కోడు ప్రతిసారీ ఒకటే వస్తే ఆ కోడు పట్టుకుని వెళ్తాం, మారిపోతూ ఉంటే ఎలా మేడమ్ అని. మెమరీ చూడాలని చెప్పాను. రెండు స్టిక్కులుంటే ఒకటి తీసి చూడు, తర్వాత అది పెట్టి రెండోది తీసి చూడు, చెడ్డది ఏదో తేలిపోతుంది. నోటికి వచ్చిన పద్యంలా చెప్పేశాను. బెల్లు కొట్టారు.

ఇంటికొచ్చి ప్రింటరు తీగ పీకాను. పెట్టె విప్పి ఫ్యాను దుమ్ము దులిపాను. కరెంటు తీగ మార్చాను.

ఆశ్చర్యం, ఈసారి నీలం పడలేదు. వరసగా తెరలు దాటుకుంటూ వెళ్లి, ఏ డిస్కు చెరపమంటావని అడిగింది. ఈయన బాల్కనీలో ఉన్నారు. బాణం గుర్తు తీసుకెళ్లి డిస్కు పేరు మీద పెట్టాను.

అప్పుడే వాన మొదలైంది. మేడ మీద బట్టలున్నాయి. ఆపేసి పరిగెత్తాను.

తిరిగొచ్చి మళ్లీ పెడితే నీలం పడింది. బతికిపోయాననిపించింది. అలా కాదు. నీలం పడింది, అంతే.

ఆగస్టు 10, శనివారం

మధ్యాహ్నం ఈయన మీటింగుకి వెళ్లారు. ఈమధ్య ప్రతి శనివారం మీటింగే. పన్నెండేళ్లు ఇంట్లో కూర్చుని చేసిన పనికి కొత్తగా మీటింగులేమిటి? ఆ కంపెనీకి ఈ ఊళ్లో ఆఫీసే లేదు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నారు. అద్దం ముందు నిలబడి మూతి అటూ ఇటూ తిప్పుకున్నారు. గడ్డం సరిగా గీసుకున్నారో లేదో అనుకుంటా.

చెల్లి ఫోను చేసింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. అది పెద్దగా ఆలోచించలేదు. "అక్కా, చెరిపెయ్యమన్నాడంటే చెరపాల్సింది ఉందనే కదా," అంది. నువ్వు ఊరుకోవే, ఆయన అలాంటివారు కాదన్నాను. అలాంటివాళ్లు ఎలా ఉంటారో నీకు తెలుసా అంది. తెలీదు.

మాటల్లో ఉండగానే తాళం తిరిగిన చప్పుడు. గొంతు తగ్గించాను. ఈయన గుమ్మంలో ఆగి నన్ను చూశారు. నేను మాట ఆపేశాను. చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయారు.

ఆగస్టు 11, ఆదివారం

మెమరీ పరీక్ష రేపు పెడతాను. పెట్టె ఎలాగూ విప్పి ఉంది కాబట్టి ముందు డిస్కు ఊడదీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే డిస్కు పాడవుతుంది. జాగ్రత్త కోసమే.

ఆగస్టు 12, సోమవారం

పిల్లలు వెళ్లిపోయాక ల్యాబులో మూల సిస్టమ్‌కి డిస్కు తగిలించాను. బాగుందో లేదో చూడటానికి.

బాగానే ఉంది. ఎంత బాగా ఉందంటే, "విడి" అనే ఫోల్డరులో ఒకావిడ వీడియోలు వరసగా ఉన్నాయి. బొమ్మలన్నిట్లో ఆవిడే. మెడ వరకే కనపడుతోంది, సూటిగా మనల్నే చూస్తోంది, నోరు కొంచెం తెరిచి. ఒకదాంట్లో నవ్వుతోంది. కిందికి జరిపేకొద్దీ ఆవిడే.

తెరవలేదు. డిస్కు పీకేసి ఇంటికి వచ్చేశాను.

అన్నం వడ్డించాను. తిన్నాడు. కూర ఎలా ఉందంటే "ఊ" అన్నాడు.

ఆగస్టు 13, మంగళవారం

అందగత్తె కూడా ఏమీ కాదు. నాకంటే పెద్దదే.

ఆగస్టు 14, బుధవారం

కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తుత్తినే కీబోర్డు కొడుతున్నాను. లోపల డిస్కు లేదు. నా పక్కన వచ్చి నిలబడ్డాడు. విప్పి ఉన్న పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు.

ఇంకా కాలేదా అన్నాడు. లోపం దొరకలేదన్నాను. దొరుకుతుందా అన్నాడు.

"దొరుకుతుంది. ఎక్కడికి పోతుంది? ఈరోజు కాకపోతే రేపు, అన్నీ దొరుకుతాయి."

నా పెదాల వంకే చూస్తూ విన్నాడు. చిన్నపిల్లాడు అబద్ధం ఆడబోయే ముందు చూస్తాడే, అలా. తర్వాత బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

ఇద్దరం ఒకళ్లకొకళ్లం కాపలా కాసుకుంటున్నట్టుంది ఈ ఇల్లు.

ఆగస్టు 16, శుక్రవారం

రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 17, శనివారం

చేశాను. సిగ్గులేకుండా చేశాను.

నాకు అదనపు క్లాసు ఉందని చెప్పి ముందే బయల్దేరి బస్టాపు పక్క సందులో నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అతని తర్వాత నేనూ అదే బస్సు వెనక తలుపులోంచి ఎక్కాను. వెనక్కి తిరిగితే దొరికిపోయేదాన్ని. నా పక్కావిడ చంటిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే బస్సు బస్సంతా తిరిగి చూసింది. అతను తిరగలేదు. ఎంత పరధ్యానం.

పెద్ద బజారు దాటాక దిగి, ఒక మూడంతస్తుల మేడ మెట్లెక్కాడు. కింద ఫోన్లు బాగుచేసే కొట్టు, మెట్ల పక్కన బోర్డులు బోలెడు. చదివే స్థితిలో లేను. ఎదురుగా ఉన్న గొడుగుల కొట్టులో దూరాను. ఒక్కో గొడుగూ విప్పించి మూయించాను. కొట్టువాడు ఓపికమంతుడు, కానీ వాడి ఓపికకీ హద్దుంటుంది కదా.

చివరికి దిగారు. ముందు ఇద్దరు ముసలివాళ్లు, వెనక ఇతను, ఇతని వెనక ఆవిడ. ఆవిడే. మోచేతి మీద తట్టింది. ఇతను తిరిగాడు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి, మొహం పైకెత్తి ఏదో చెప్పింది. ఇతను ఆవిడ నోటి వంక, కళ్లార్పకుండా, ఒక్క అక్షరం కింద పడనివ్వనన్నట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. పళ్లన్నీ కనపడేలా.

నా మొహం అలా చూసి ఎన్నేళ్లయిందో.

గొడుగు ఒకటి కొనక తప్పలేదు. ఎర్రది. ఇంటికి వచ్చాక చూసి కొత్తదా అని అడిగాడు. కాలేజీ దగ్గర కొన్నానన్నాను. మీటింగు ఎలా జరిగిందని అడిగాను. సాగిందన్నాడు. ఇద్దరం అబద్ధాలాడుకుని అన్నం తిన్నాం.

ఆగస్టు 18, ఆదివారం

చెల్లి వచ్చెయ్యమంటోంది. నాలుగు రోజులుండి బుర్ర కుదుటపడ్డాక ఆలోచించుకో అంటోంది. అటక మీంచి పెద్ద బ్యాగు దింపి మంచం మీద పెట్టాను. దులిపాను. ఏ చీరలు పెట్టుకోవాలో తేలలేదు. మళ్లీ అటక మీద పెట్టడానికి చెయ్యి అందలేదు, అలాగే వదిలేశాను. అతను గదిలోకి వచ్చి బ్యాగు చూసి, బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికని కూడా అడగలేదు.

అడిగితే ఏం చెప్పేదాన్నో.

ఆగస్టు 19, సోమవారం

వెళ్లేముందు ఆవిడ గొంతు ఒక్కసారి వినాలనుకున్నాను. గొంతు తెలిస్తే మనిషి తెలుస్తుంది. మళ్లీ ల్యాబులో డిస్కు తగిలించి, తలుపు గడియ పెట్టి, వరసలో మొదటి వీడియో తెరిచాను.

ఆవిడ పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు.

స్పీకరు తీగ చూశాను. గట్టిగా ఉంది. సౌండు డ్రైవరు తీసేసి మళ్లీ వేశాను. హెడ్‌ఫోను పెట్టాను. ఇంకో సిస్టమ్‌కి మార్చాను. నా దగ్గరున్న పాఠం వీడియో వేసి చూస్తే నా గొంతే గది అదిరిపోయేలా వచ్చింది. ఆవిడ వీడియోకి వస్తే నిశ్శబ్దం. రెండోది, ఐదోది, చివరిది, అన్నీ అంతే. సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు. ఆ వీడియోల్లో అసలు శబ్దమే పెట్టలేదు.

మొదటిది చివరిదాకా చూశాను. ఆవిడ నిదానంగా మూడు మాటలు అంది. మళ్లీ అంది. మళ్లీ. పెదాలు మూసి, తెరిచి. మూడూ నాకు ఒకే మాటలా కనపడ్డాయి. చివర్లో తెర మీద అక్షరాలు వచ్చాయి.

పాట. బాట. మాట. పెదవుల మీద మూడూ ఒక్కలాగే ఉంటాయి. ముందూ వెనకా ఉన్న మాటలతో కలిపి పట్టుకోవాలి. మళ్లీ చూడండి.

అప్పటికీ అర్థం కాలేదు నాకు. అంత తెలివిగలదాన్ని. కిందున్న ఇంకో ఫోల్డరు తెరిస్తే ఒక గ్రాఫు కనపడింది, ఎడమ చెవి, కుడి చెవి అని రెండు గీతలు. రెండూ కొంతదూరం నిలకడగా వెళ్లి, ఒక్కసారిగా మెట్ల మీంచి జారినట్టు పడిపోయాయి. తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. దాని తర్వాత ఇంకోటి, ఇంకోటి. ప్రతి దాంట్లో గీత ఇంకాస్త కిందికి.

ఆ పక్కన కంపెనీ వాళ్ల మెయిళ్లు. మొదట్లో మర్యాదగా, తర్వాత పొడిగా. డాక్టరు ఫిఫ్టీన్ మిల్లీగ్రాములు అన్నచోట ఫిఫ్టీ అని టైపు చేశారట. పైన తనిఖీ చేసేవాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. పోయిన నెలాఖరున చివరి మెయిలు. ఇకమీదట ఈయనకి ఫైళ్లు పంపబోమని, ఈయన దగ్గర ఉన్న రోగుల రికార్డింగులన్నీ నిబంధన ప్రకారం చెరిపేసి ఆ సంగతి తెలియజేయమని.

ఒక్కటి కూడా ఉంచకు అన్నది అందుకు.

వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆగస్టు 20, మంగళవారం

అనుమానం పోతుందనుకున్నాను. పోలేదు, ఇంకో గదిలోకి మారింది.

రెండేళ్లుగా నేను చెప్పినవాటిలో ఆయన ఏవి విన్నారు? ఏవి వినకుండా "ఊ" అన్నారు? పొద్దున్నుంచీ ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

పోయినేడు కాలేజీవాళ్లు కొత్త బ్రాంచిలో ల్యాబు బాధ్యత నాకిస్తామన్నారు. వేరే ఊరు. ఈయన పనికి ఇక్కడ అన్నీ కుదిరి ఉన్నాయి కదాని నేనే వద్దన్నాను. ఆ సాయంత్రం బాల్కనీలో తీగ మీద దుప్పటి ఆరేస్తూ చెప్పాను. మీ కోసమే మానుకున్నాను, మీరొక్కమాట వెళ్దామంటే ఇప్పుడైనా ఒప్పుకుంటాను అన్నాను. నా వీపు ఆయన వైపు ఉంది. మధ్యలో తడి దుప్పటి ఉంది. వెనక నుంచి "ఊ, మంచిది" అని వినపడింది.

మంచిది అన్న ఆ ఒక్క మాట మీద ఏడాదిగా కాపురం చేస్తున్నాను. పళ్లు కొరుకుతూ కూరలు తరిగాను. పండక్కి చీర తెస్తే కట్టుకోలేదు. ఎందుకు కట్టుకోలేదో ఆయనకి తెలియనే తెలియదు.

అసలు నా మీదే నాకు అనుమానం. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, రెండేళ్లు. నీలం తెర చూసి లోపల ఏం చెడిందో చెప్పేదాన్ని.

ఆగస్టు 21, బుధవారం

ఒంటిపూట కాలేజీ. ఇంటికొచ్చి డిస్కు బిగించాను. మెమరీ స్టిక్కు ఒకటి తీసేశాను. నీలం పడింది. అది పెట్టి రెండోది తీసేశాను. ఇన్‌స్టాల్ ఎక్కడా తడబడకుండా నడిచి, ఏ డిస్కు చెరపాలని అడిగింది. ఇన్నాళ్ల బాధ తేలడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మొదటి వారమే నాకు తెలుసు.

ఈయన్ని పిలిచాను. పలకలేదు. వెళ్లి మోచెయ్యి తట్టాను. ఉలిక్కిపడి చూశారు. ఆవిడ తట్టినట్టే తట్టానని నాకు ఆ తర్వాత తట్టింది.

ఎదురుగా కుర్చీ వేశాను. కూర్చునే ముందు కుర్చీని కొంచెం జరుపుకున్నారు, కిటికీ వెలుగు నా మొహం మీద పడేలా. ఈ పని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఎండ పడదనుకునేదాన్ని.

"డిస్కు నేను కాలేజీకి తీసుకెళ్లాను. అందులో ఉన్నవి చూశాను."

"తెలుసు," అన్నారు. "పెట్టెలో డిస్కు లేదని పోయిన బుధవారమే చూశాను. నువ్వు అడుగుతావని చూస్తున్నాను."

మీరే చెప్పొచ్చు కదా అన్నాను. అప్పుడు వాళ్ల నాన్న సంగతి చెప్పారు. నేను మా మావగారిని చూడలేదు, పెళ్లికి ముందే పోయారు. ఆయనకీ ఈ వయసులోనే చెవులు పోయాయట. భోజనాల దగ్గర ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని ఇంటిల్లిపాదీ ఆయన గురించే మాట్లాడుకునేవాళ్లట, ఆయన లేనట్టు. ఎంత విసిగిస్తున్నాడో, ఏం పాడుచేశాడో, అన్నీ.

"అందరం నవ్వుతుంటే తనూ నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నామో తెలీక. నువ్వు అలా మాట్లాడతావని కాదు. నేను అలా నవ్వడం మొదలుపెడతానని."

అప్పుడే మొదలుపెట్టారని చెప్పలేదు. ప్రతిదానికీ ఊ కొట్టడం ఏమిటి మరి.

గిన్నె మాడిన రోజు నేనన్న మాట పెదాల మీద చదివారట. తెలిసిపోయింది, తెలిసే అంది అనుకున్నారట. అప్పట్నుంచీ నేను చెల్లితో గుసగుసలాడటం, తనని చూడగానే మాట ఆపెయ్యడం, మంచం మీద బ్యాగు, అన్నీ కలుపుకుని, చెవిటి మొగుడితో వేగలేక వెళ్లిపోతోంది అని లెక్క తేల్చుకున్నారు. అద్దం ముందు మూతి తిప్పుకోవడం కూడా పాఠమేనట, అక్షరాలు ఎలా కనపడతాయో చూసుకోవడం. నేను ఆవిడ సంగతి, బస్సు సంగతి, గొడుగుల కొట్టు సంగతి చెప్పాను. ఆవిడ ఆ మేడ మీద చెవుల క్లినిక్కులో పాఠాలు చెప్తుందని, ఆ ముసలివాళ్లు తనతోపాటు నేర్చుకునేవాళ్లని ఆయన చెప్పారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

తర్వాత నేను బ్రాంచి సంగతి ఎత్తాను. ఎందుకెత్తానో. ఏడాది మోసిన మూట కదా, దించకపోతే ఊపిరాడదు.

"మళ్లీ చెప్పు," అన్నారు.

చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. దుప్పటి, బాల్కనీ, వెళ్దామా అన్నాను, మంచిది అన్నారు. మూడోసారికి అందింది. మొహం ఎర్రబడిపోయింది.

"నా కోసం మానుకున్నావా? నన్నడక్కుండా?"

"అడిగాను. నువ్వే మంచిదన్నావు." కోపంలో నువ్వు అనేశాను.

వినపడలేదన్నారు. వినపడలేదని చెప్పడానికి నోరు లేదా అన్నాను. వీపు చూపించి అడిగేది అడగడమేనా అన్నారు. ఏడాది మొహం ముడుచుకుని తిరిగే బదులు ఇంకోసారి అడిగితే అరిగిపోయేదానివా అన్నారు. నా దగ్గర దాచి ఎవరో పరాయావిడ దగ్గర పళ్లికిలించడానికి సిగ్గు లేదా అన్నాను. ఆవిడ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, నువ్వెప్పుడైనా నిలబడ్డావా అన్నారు. ఆయన గొంతు ఎంత పెద్దదైపోతోందో ఆయనకి తెలియడం లేదు. నాకు తెలిసీ నేను తగ్గలేదు. పై వాటా ఆవిడ దిగివచ్చి, టీవీ కొంచెం తగ్గించుకోమంది.

ఆవిడ వెళ్లాక ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డాం. ఒకళ్ల మాట ఒకళ్లకి అందేలా పోట్లాడుకుని రెండేళ్లయింది.

డిస్కు చెరిపేశాను. ఆ రోగుల గొంతులు మా ఇంట్లో ఉండాల్సినవి కావు. క్లినిక్కు ఆవిడ పాఠాలు మాత్రం ముందే పెన్‌డ్రైవులోకి తీశాను.

ఆగస్టు 22, గురువారం

కంప్యూటరు నీలం పడకుండా రోజంతా నడిచింది. పాడైన స్టిక్కు చెత్తబుట్టలో వేస్తే తీసి దాచుకున్నారు.

ప్రిన్సిపాల్‌ని కలిశాను. బ్రాంచిలో ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయింది. అనుకున్నదే. అయినా అడిగి రావడం బాగుంది. అడిగానని ఈయనకి చెప్పాను, ఎదురుగా నిలబడి. ఇంకోచోట ఖాళీ పడితే మాత్రం తననీ అడిగి చెప్పమన్నారు.

ఇంకా కోపంగానే ఉన్నారు. నేనూ ఉన్నాను.

ఆగస్టు 23, శుక్రవారం

ఒక పద్ధతి పెట్టాను. "ఊ" అంటే ఒప్పుకోను. ఏం అర్థమైందో తిరిగి నాకు చెప్పాలి. పొద్దున్నుంచీ చెప్తున్నారు. సగం తప్పు. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చారు. దిద్దుతున్నాను. విసుక్కుంటున్నారు, నేనూ విసుక్కుంటున్నాను. కానీ నా మొహం వంకే చూస్తున్నారు, ఆ రోజు మెట్ల దగ్గర ఆవిడ మొహం చూసినట్టు. మొదట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నా మొహాన్ని.

సాయంత్రం కాఫీ తాగుతూ రేపటి సంగతి చెప్పాను. ఈసారి నిజంగానే అదనపు క్లాసు ఉంది. "రేపు మధ్యాహ్నం నేను వెళ్తా," అన్నాను.

ఏం అర్థమైందన్నాను.

కప్పు కింద పెట్టారు. "రేపు మధ్యాహ్నం మనం వెళ్దాం అన్నావు."

ఎక్కడికి అని నేను అడిగేలోపే ఆయన చెప్పుకుపోతున్నారు. ఆ క్లినిక్కు మెట్లు కొంచెం ఎత్తుగా ఉంటాయట. పాఠం మొదలయ్యే ముందు ఆ ముసలివాళ్లలో ఒకాయన బిస్కెట్లు పంచుతాడట, వద్దంటే చిన్నబుచ్చుకుంటాడట. ఇంట్లోవాళ్లు వస్తే ఆవిడ వాళ్లని వెనక వరసలో కాకుండా ముందు కూర్చోబెడుతుందట, వాళ్లకీ నేర్పాలని. ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట విని ఎంత కాలమైందో. మధ్యలో ఆగి, నా మొహంలో ఏదో చూసి, తప్పుగా పట్టుకున్నానా అని అడిగారు.

లేదు, సరిగ్గానే పట్టుకున్నారన్నాను.

తర్వాత వంటింట్లోకి వెళ్లి ప్రిన్సిపాల్‌కి ఫోను చేసి, రేపటికి సెలవు కావాలన్నాను.